తుపాకి మందు, సీసపు గుళ్ళు: ఫ్లాస్కు మేలా, ముందే కొలిచి నింపిన గొట్టాలు మేలా?

మూతి నుంచి మందు దట్టించే డబుల్ బ్యారెల్ షాట్‌గన్‌తో గాలిలోకి విసిరిన మట్టి బిళ్ళలను కొట్టే ఆటలోకి దిగిన ప్రతివారూ, తుపాకి కొని నెల తిరగకముందే, మందును, సీసపు గుళ్ళను దేనిలో మోయాలి, దేనితో కొలవాలి అని అడుగుతారు. అమెరికాలో ఉంటూ ఈ సరదా పట్టుకున్న తెలుగు మిత్రులు ఈ ఏడాదిలోనే ముగ్గురు నన్ను ఇదే అడిగారు. వారికి విడివిడిగా చెప్పినదాన్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. తుపాకి మందు ఉంచే పాత్రను మందు సీసా అంటే మనవాళ్ళకు తట్టేది వేరొకటి కనుక దాన్ని ఫ్లాస్కు అనే పిలుస్తాను.

ఫ్లాస్కుకు ఉన్న ఆకర్షణ కాదనలేనిది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జేమ్స్ డిక్సన్, హాక్స్‌లీ వంటి సంస్థలు పందొమ్మిదో శతాబ్దంలో చేసిన రాగి ఫ్లాస్కులు, వేటకుక్కల బొమ్మలు, పక్షుల బొమ్మలు ఉబ్బెత్తుగా అచ్చొత్తినవి, ఒకసారి చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు. రాగి, ఇత్తడి రాపిడికి నిప్పురవ్వలు పుట్టించవు కాబట్టి ఆ లోహాల ఎంపికలో అందంతో పాటు వివేకమూ ఉంది. పైనున్న సన్నని గొట్టాన్ని వేలితో మూసి, ఫ్లాస్కును తలకిందులు చేసి, బొటనవేలితో మీట నొక్కి వదిలితే ఆ గొట్టంలో పట్టినంత మందు మాత్రమే విడిపడుతుంది. కొలతను రెండుంబావు డ్రాముల నుంచి మూడు డ్రాముల దాకా మార్చుకోవచ్చు. డ్రాము అంటే ఔన్సులో పదహారో వంతు, అంటే సుమారు 27.3 గ్రెయిన్లు (గ్రెయిను అనేది మందును తూచే చిన్న తూకం). 12 బోరుకు (బోరు అంటే బ్యారెల్ లోపలి వెడల్పును తెలిపే కొలత) రెండుముప్పావు డ్రాముల మందు, 1⅛ ఔన్సుల గుళ్ళు అనేది చాలామందికి నచ్చిన జోడింపు, నాకూ అదే. పాత ఫ్లాస్కు మీది గీతలను నమ్మకుండా ఒకసారి త్రాసులో తూచుకోవడం మంచిది. 75 గ్రెయిన్లు రావలసిన చోట నా ఫ్లాస్కు ఒకసారి 71, మరోసారి 79 ఇస్తుంది. రైఫిల్‌కు ఆ తేడా పట్టింపే గాని షాట్‌గన్‌కు కాదు. అందువల్ల కొలత కచ్చితత్వాన్ని బట్టి ఫ్లాస్కుకూ ముందే నింపిన గొట్టాలకూ మధ్య తీర్పు చెప్పేవారితో నేను ఏకీభవించను.

తేల్చవలసిన విషయం వేరే ఉంది. ఫ్లాస్కు వాడుకలో ఉన్న రోజుల్లో దాని గొట్టాన్ని నేరుగా తుపాకి మూతిలో పెట్టి మందు పోసేవారు. అంతకుముందు పేల్చినప్పటి అట్టబిళ్ల (మందుకూ గుళ్ళకూ మధ్య దట్టించేది) ముక్క ఏదైనా బ్యారెల్ అడుగున ఇంకా కణకణలాడుతూ ఉంటే, పోసిన మందు అంటుకోవడమే కాకుండా ఆ మంట పైకి ఎగసి ఫ్లాస్కులోని మందునంతా అంటించగలదు. అప్పుడు చేతిలో ఉన్నది ఫ్లాస్కు కాదు, బాంబు. ఇప్పుడు ఫ్లాస్కు నుంచి విడి కొలత గిన్నెలోకి, ఆ గిన్నె నుంచి బ్యారెల్‌లోకి పోయడమే పద్ధతి. అలా చేసినప్పుడు ఫ్లాస్కుకున్న ఒకే ఒక్క గొప్ప, అంటే వేగం, పోయినట్టే. మూతి తుపాకుల అంతర్జాతీయ సంఘమైన ఎంఎల్ఏఐసీ తన పోటీల్లో ఒక్కో పేలుడుకు సరిపడే మందును విడివిడి గొట్టాల్లో నింపి తెచ్చుకోవాలని కోరేదీ ఇందుకే.

ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారు. నా దృష్టిలో అంతకంటె బరువైన కారణం లెక్క. డబుల్ బ్యారెల్‌లో కుడిది మాత్రమే పేల్చి, ఎడమది నిండుగా ఉండగా కుడిదాన్ని మళ్ళీ నింపుతున్న సమయంలో పక్కవారు పలకరిస్తే, రెండు మాటలు ఆడి తిరిగి చూసేసరికి మందు పోశామా లేదా, పోస్తే దేనిలో పోశాం అన్నది గుర్తుండదు. ఫ్లాస్కు ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. దానిలో ఒక కొలత తగ్గినా తెలియదు, రెండు తగ్గినా తెలియదు. నేను ఒకసారి ఎడమ బ్యారెల్‌లో రెండోసారి మందు పోసేశాను. దట్టించే కర్ర మీద, సరిగా నింపిన బ్యారెల్‌కు గుర్తుగా గీసుకున్న గీత, ఉండవలసినదానికంటె వేలెడు పైన నిలవడం చూసి ఆగాను గనుక సరిపోయింది. ఆ రోజు తర్వాత అరచేతి వెడల్పున్న చెక్కకు రెండు వరుసల రంధ్రాలు వేసి, కుడి బ్యారెల్‌కు ఒక వరుస, ఎడమ దానికి ఒక వరుస చొప్పున గొట్టాలు గుచ్చి తీసుకువెళ్తున్నాను. పోసిన గొట్టాన్ని తలకిందులుగా తిరిగి పెడతాను. ఎవరు పలకరించినా, ఎంతసేపు మాట్లాడినా, ఏ బ్యారెల్‌లో ఏముందో ఆ చెక్కను చూస్తే తెలిసిపోతుంది.

గొట్టాలకు ఇబ్బందులు లేకపోలేదు. ముందురోజు సాయంత్రం కూర్చుని పాతిక నింపాలి, మూతలు పారేసుకోకూడదు, జేబులు ఉబ్బిపోతాయి. రోజంతా పొలాల వెంట ఫెజంట్ పక్షుల కోసం నడిచే వేటగాడికి ఫ్లాస్కు, దానికి తోడు ఒక విడి కొలత తేలిక. అతనితో నాకు వాదం లేదు. (ఆంధ్ర, తెలంగాణల్లో చదివేవారికి ఒక్క మాట: అక్కడ ఈ తుపాకికీ లైసెన్సు కావాలి, వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తుంది.)

మందును కొమ్ములో మోయడం చూడముచ్చటగా ఉంటుంది, అంతకుమించి ఫ్లాస్కుకు చెప్పినదే దానికీ వర్తిస్తుంది. కాగితపు పొట్లాలు వానకు తడుస్తాయి. ఒకే ఇత్తడి కొలత గిన్నెను మందుకూ గుళ్ళకూ వాడే పద్ధతి మాత్రం మెచ్చదగినది, ఎందుకంటే 1⅛ ఔన్సుల సీసపు గుళ్ళు పట్టే చోటులో దాదాపు రెండుముప్పావు డ్రాముల మందే పడుతుంది.

గుళ్ళ సంగతి వేరు. అవి అంటుకోవు కనుక అన్నీ ఒకేచోట ఉన్నా భయం లేదు; బరువే అసలు సమస్య. 28 సార్లు పేల్చడానికి మందు 140 గ్రాములు కూడా కాదు గాని, గుళ్ళు 900 గ్రాములు తూగుతాయి. భుజం మీదుగా వేసుకునే తోలు పట్టీ ఆ బరువును బాగానే మోస్తుంది, అయితే నడుముకు తగిలించే తోలు సంచి చాలామందికి చాలు. దాని మూతిలోనే ఎంపిక ఉంది. మీట ఉన్న మూతిలో రెండు పలకల మధ్య చిక్కిన గుళ్ళే కొలత. పెద్ద గుళ్ళు పలక అంచున ఇరుక్కుని మీటను బిగదీస్తాయి. ఐరిష్ రకంలో మూతిలోకి దూర్చి ఉన్న చిన్న గిన్నెలాంటి కొలతను బయటికి లాగితే అది నిండి వస్తుంది, వెనుక స్ప్రింగు తలుపు మూసుకుంటుంది. నాకు ఇదే ఇష్టం: ఎంత వచ్చిందో కంటికి కనిపిస్తుంది, ఏదీ ఇరుక్కోదు. గడ్డిలో పడితే దొరకదన్నదే దీని లోపం.

నీటి పక్షుల వేటకు అమెరికాలో 1991 నుంచి సీసం నిషిద్ధం, పాత బ్యారెళ్ళకు ఉక్కు గుళ్ళు పనికిరావు కాబట్టి బాతుల వేటకు వెళ్ళేవారు బిస్మత్ అనే లోహపు గుళ్ళు వాడతారు. అది సీసం కంటె తేలిక. సీసానికి 1⅛ ఔన్సులు ఇచ్చే కొలత బిస్మత్‌తో ఔన్సుకు కాస్త తక్కువే ఇస్తుంది. అందుకే నా సంచికి రెండు కొలతలు ఉన్నాయి, బిస్మత్‌దానికి ఎర్ర దారం చుట్టి ఉంటుంది.