ఆన్‌లైన్‌లో రూబార్బ్ దుంపలు కొనేవారికి హెచ్చరిక

ఇంగ్లండులో పెరటి తోట వేసుకుంటున్న మన తెలుగువారు, ముఖ్యంగా ఈ చలికాలంలో రూబార్బ్ (పుల్లటి కాడలను వండుకునే మొక్క) దుంపలు తెప్పించుకోవాలనుకుంటున్నవారు, డబ్బు కట్టే ముందు నా అనుభవాన్ని ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను.

గత ఫిబ్రవరిలో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు వద్ద ‘టింపర్లీ ఎర్లీ’ రకానికి చెందిన రెండేళ్ల దుంపలు మూడింటిని 24 పౌండ్లకు కొన్నాను. ప్రకటనలోని ఫొటోలో కాడలు మొదటి నుంచి చివరి దాకా కుంకుమ రంగులో మెరిసిపోతున్నాయి. ఆ రకం కాడ అడుగున ఎర్రగా ఉండి, పైకి పోయేకొద్దీ ఆకుపచ్చగా మారుతుందని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ ఫొటో దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

పొట్లం విప్పగానే ఒక దుంప వేలితో నొక్కితే మెత్తగా దిగబడి, కుళ్లు వాసన కొట్టింది. మిగిలిన రెండూ బొటనవేలంత లావు కూడా లేవు. మంచి దుంప పిడికెడైనా ఉండి, చెక్కలా గట్టిగా, నెత్తిన ఉబ్బిన గులాబి రంగు మొగ్గ ఒక్కటైనా కనిపించేలా ఉంటుంది. నాకు వచ్చినవి విత్తనంతో చిన్న కుండీలో పెంచిన నారు మొక్కలని, కుండీ ఆకారంలోనే చుట్టుకుపోయిన వేళ్లను చూస్తే తెలిసిపోతుంది. విత్తనంతో మొలిచిన రూబార్బ్‌కు తల్లి లక్షణాలే వస్తాయన్న నమ్మకం లేదు; ముదురు దుంపను చీల్చి నాటితేనే అసలు రకం నిలుస్తుంది. కనుక చీటీ మీది పేరుకు విలువ లేనట్టే.

అంతకన్నా పెద్ద నష్టం పొట్లంలోని సూచనల కాగితం వల్ల జరిగింది. పది సెంటీమీటర్ల లోతున పాతమని అందులో ఉంది. నిజానికి మొగ్గ నేల మట్టానికి ఉండాలి, లేకపోతే తడికి కుళ్లిపోతుంది. ఒక మొక్క అలాగే పోయింది. నాటిన వేసవిలోనే కోయవచ్చని కూడా రాశారు. నేను మే నెలలో పెన్సిలంత సన్నని కాడలు నాలుగు లాగి పప్పులో వేశాను, మొక్క మళ్లీ కోలుకోలేదు. మేముండే లీడ్స్‌కు పక్కనే వేక్‌ఫీల్డ్ చుట్టుపక్కల రైతులు, 2010లో ప్రాంతపు పేరుకు రక్షణనిచ్చే యూరప్ గుర్తింపు పొందిన తమ పంటకు, దుంపలను రెండేళ్లు కోత లేకుండా పొలంలో బలపడనిచ్చి, ఆ తరువాతే లేత కాడలు త్వరగా రావడానికి చీకటి షెడ్లలోకి చేరుస్తారు. పెరటిలోనైనా మొదటి ఏడాది ముట్టుకోకూడదు, రెండో ఏడాది కొద్దిగా తీసుకోవాలి, ఎప్పుడైనా సగం కాడలు మొక్కకే వదలాలి. కత్తి పెట్టకుండా మొదలు పట్టుకొని మెలిపెట్టి లాగాలి.

ఆకులను ఆకుకూరలా వండుకోవచ్చన్న మాట కూడా ఆ కాగితంలో ఉంది, ఇది క్షమించరానిది. మా అమ్మ ఫోనులో మొక్కను చూసి, “చుక్కకూరకు అన్న వరసలా ఉందిరా, ఆకు కూడా వేసెయ్” అంది. వరస నిజమే, రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. కానీ రూబార్బ్ ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది, అది విషం. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కొరతలో ఇదే దేశంలో ఆ ఆకులను తినవచ్చని ప్రచారం జరిగి, తిన్నవారు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. కాడలు మాత్రమే వండుకోవాలి.

జూలైలో ఫిర్యాదు చేస్తే, ప్రాణమున్న మొక్కలకు వాపసు ఉండదని అమ్మకందారు జవాబిచ్చాడు. వర్ణనకు సరిపడని సరుకును తిరస్కరించి పూర్తి డబ్బు అడగడానికి 2015 నాటి వినియోగదారుల చట్టం 30 రోజుల గడువిస్తుంది. నేను ఆ గడువును నిద్రాణస్థితిలో ఉన్న మొక్క మొలకెత్తుతుందేమోనని ఎదురుచూస్తూ పోగొట్టుకున్నాను. పొట్లం వచ్చిన రోజునే దుంపను అరచేతిలో పెట్టుకొని ఫొటో తీయండి, సూచనల కాగితాన్ని పారేయకండి. కుళ్లిన దుంపను నేను వాసన భరించలేక ఆ సాయంత్రమే చెత్తబుట్టలో వేశాను, అందుకే ఆ ఒక్కదాని 8 పౌండ్లు కూడా రాలేదు.