పెరటి వెల్లుల్లికి తుప్పు తెగులు: పుల్లటి మజ్జిగ, గంధకం, రసాయన మందు – ఏది మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పెరళ్లలో కార్తీకంలో నాటిన వెల్లుల్లి సంక్రాంతి నాటికి నిండుగా ఆకు వేసి గడ్డ కట్టడానికి సిద్ధమవుతుంది. తెల్లవారుజామున మంచు దట్టంగా కురిసి పొద్దెక్కే దాకా ఆకుల మీద తడి ఆరని రోజులు కూడా అవే కాబట్టి, తుప్పు తెగులుకు అనువైన కాలం మన దగ్గర అదే. తెగులు కనిపించగానే ఒకరు పుల్లటి మజ్జిగ చల్లమంటారు, ఇంకొకరు వేపనూనె అంటారు, దుకాణంలో అడిగితే గంధకమో మరింత ఘాటైన రసాయనమో చేతికిస్తారు. వీటిలో ఏది మేలన్నది తెగులు కనిపించిన నాటికి పంట ఏ దశలో ఉంది, ఎండ ముదరడానికి ఇంకా ఎన్నాళ్లుంది అన్న రెండు లెక్కల మీద ఆధారపడుతుందని నా అభిప్రాయం.

ముందుగా అది తుప్పు తెగులేనా అని నిర్ధారించుకోవాలి. తుప్పు తెగులైతే ఆకు మీద నారింజ రంగు చిన్న పొక్కులు లేచి, వేలితో రుద్దినప్పుడు అదే రంగు పొడి అంటుకుంటుంది. పొడి అంటకుండా, మధ్యలో ఊదా రంగుతో, చుట్టూ పసుపు అంచుతో కోలగా ఉన్న మచ్చలైతే అది ఊదా మచ్చ తెగులు. దానికి గంధకం పెద్దగా పనిచేయదు. ఆకుల మీద వెండి రంగు చారలుంటే అది తామర పురుగుల పని. మన ప్రాంతపు రైతులు వేరుశనగ మీద తుప్పును ఎరుగుదురు గాని, దానిని కలిగించే శిలీంధ్రం వేరు. చేలోని వేరుశనగ నుండి అది పెరటి వెల్లుల్లికి సోకదు.

వెల్లుల్లి తుప్పును కలిగించే పక్సీనియా అల్లీ అనే శిలీంధ్రం బతికున్న ఆకు కణజాలంలోనే పెరుగుతుంది. గాలిలో వచ్చిన బీజాలు ఆకు మీద పడి, కొన్ని గంటల పాటు తడి నిలిస్తే మొలకెత్తి లోపలికి చొచ్చుకుపోతాయి. అక్కడి నుండి పొక్కు బయటపడడానికి సుమారు 10 నుండి 14 రోజులు పడుతుంది. అంటే ఈ రోజు నాలుగు పొక్కులు కనిపించాయంటే, కంటికి కనిపించకుండా ఆకు లోపల ఇప్పటికే పెరుగుతున్నవి ఇంకా ఎన్నో ఉండవచ్చు. మందు కొట్టిన వారం తరువాత కూడా కొత్త పొక్కులు లేచాయని నిరాశపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మరోవైపు ఈ శిలీంధ్రానికి చల్లదనం కావాలి. 24 డిగ్రీలు దాటిన వేడిలో దాని జోరు తగ్గుతుంది. అందుకే అరసవల్లిలో రథసప్తమి జరిగి ఎండలు పెరుగుతున్న కొద్దీ మన మైదాన ప్రాంతంలో తెగులు తనంతట తానే మందగిస్తుంది. అదే తెగులు 1998లో కాలిఫోర్నియా వెల్లుల్లి పొలాలను తీవ్రంగా దెబ్బతీసింది. అక్కడ వాతావరణం దానికి కలిసివచ్చింది. మన పెరటిలో పుష్య మాసం దాటే దాకా పంటకు కాపు కాస్తే చాలావరకు సరిపోతుంది.

ఈ దృష్టితో చూస్తే పుల్లటి మజ్జిగ అందరికీ అందుబాటులో ఉన్నదే, ఖర్చు లేనిదే, ఆకు కోసి కూరలో వేసుకున్నా భయం లేనిదే. కాని పాలు, మజ్జిగల వల్ల కనిపించే మేలు ముఖ్యంగా బూడిద తెగులు విషయంలోనిది. బూడిద తెగులు ఆకు పైపొర మీద పాకుతుంది గనుక పైన చల్లినది దానికి తగులుతుంది. తుప్పు శిలీంధ్రం ఆకు లోపల ఉండగా పైన చల్లిన మజ్జిగ దాని దాకా చేరదు. వేపనూనె సంగతి కూడా దాదాపు అంతే, పైగా దానిని వాడినవారు రెండు వారాల దాకా గంధకం చల్లకూడదు. రెండూ కలిస్తే ఆకు మాడిపోతుంది. కాబట్టి తుప్పు కోసం వేపనూనెను మొదట ఎంచుకోవడమంటే, అంతకంటే బాగా పనిచేసేదానికి మనమే దారి మూసుకోవడమవుతుంది.

గంధకం ఆకు మీద పొరలా నిలిచి, పడిన బీజాన్ని మొలకెత్తనివ్వదు. లోపలికి చేరిపోయిన తెగులును అది నయం చేయలేదు గాని, కొత్త ఆకులకు కాపు కాస్తుంది. మనకు కావలసింది కూడా ప్రధానంగా అదే. నీటిలో కలిసే 80 శాతం గంధకపు పొడిని లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి, మంచు తడి ఆరిన తరువాత, ఆకు రెండు వైపులా తడిసేలా పిచికారీ చేసి, సుమారు పది రోజులకు మరోసారి చేయాలి. వెల్లుల్లి ఆకు నున్నగా, మైనపు పూతతో ఉండడం వల్ల నీటి బొట్లు జారిపోతాయి. కొద్దిగా జిగురు ద్రావణం కలపకపోతే శ్రమంతా నేలపాలవుతుంది. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున గంధకం చల్లితే ఆకు కమిలిపోతుంది కాబట్టి, పుష్య మాఘాల్లో నిశ్చింతగా వాడగలిగిన ఈ మందును ఫాల్గుణంలో వాడకపోవడమే క్షేమం. కళ్లకు, ముక్కుకు అడ్డు పెట్టుకోవడం మాత్రం మరువకూడదు.

ఇక దుకాణంలో ఇచ్చే రసాయన మందుల్లో మాంకోజెబ్ కూడా గంధకంలాగే ఆకు పైన నిలిచి కాపాడేదే. ప్రొపికోనజోల్ వంటివి ఆకు లోపలికి ఇంకి, అప్పటికే సోకిన తెగులును కూడా కొంతవరకు అణచగలవు. బలంలో ఇవి గంధకాన్ని మించినవే. ఎకరాల్లో వేసి గడ్డ మీదే ఆధారపడిన రైతుకు వీటి అవసరం ఉండవచ్చు, కాదనను. నాలుగు మడుల పెరటిలో, లేత ఆకును కూడా కోసుకునే ఇంట్లో వీటిని వాడడం నాకు సమ్మతం కాదు. యూరోపియన్ యూనియన్ 2018లో ప్రొపికోనజోల్‌కు, 2020లో మాంకోజెబ్‌కు అనుమతిని పొడిగించలేదన్నది తేలికగా తీసుకోదగిన విషయం కాదు. తప్పనిసరై వాడేవారు సీసా మీది పంటల పట్టికలో వెల్లుల్లి ఉందో లేదో, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో చదివి, ఆ గడువు తీరేదాకా ఆకు ముట్టకూడదు.

మందు జోలికి పోకుండా తెగులు సోకిన ఆకులను తుంచివేయడం మరో మార్గం. అడుగున ఒకటి రెండు ఆకులకే పరిమితమై ఉన్నప్పుడు ఇది చక్కగా ఉపకరిస్తుంది. ఆకులు పొడిగా ఉన్న వేళ తుంచి, సంచిలో వేసి, మడికి దూరంగా పాతిపెట్టాలి. అంతకు మించి తుంచితే నష్టమే, ఎందుకంటే గడ్డ ఊరడానికి తిండి చేసేది ఆ ఆకులే. సగం తెగులు పట్టిన ఆకైనా మిగిలిన సగంతో మొక్కను పోషిస్తూనే ఉంటుంది.

కాబట్టి సంక్రాంతికి ముందే పొక్కులు కనిపిస్తే, గడ్డ ఊరవలసిన కాలమంతా ముందే ఉంది గనుక అడుగు ఆకులు తుంచి గంధకం చల్లడం నిస్సందేహంగా మేలు. రథసప్తమి దాటాక కనిపిస్తే నీరు పోసే పద్ధతి మార్చుకుంటే చాలు: సాయంత్రం ఆకుల మీద గుమ్మరించడం మాని, ఉదయం పూట మొక్క మొదలు దగ్గర పోయాలి. గడ్డ తవ్వడానికి మూడు వారాలే మిగిలి ఉంటే ఏమీ చేయనక్కరలేదు. గడ్డ కొంత చిన్నదవుతుందే గాని, తెగులు రెబ్బల లోపలికి పోదు, తినడానికి ఏ అభ్యంతరమూ లేదు.

మరుసటి ఏడాదికి నాటేవారు వరుసల మధ్య 15, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు విడిచిపెడితే మంచు తడి త్వరగా ఆరుతుంది. యూరియా అతిగా వేసిన మడిలో ఆకు మెత్తబడి తెగులుకు సులువుగా లొంగుతుంది కాబట్టి పశువుల ఎరువుతో, పొటాష్ కోసం కొద్దిపాటి కట్టెల బూడిదతో సరిపెట్టుకోవడం మంచిది. తవ్వేటప్పుడు మడిలో మిగిలిపోయిన రెబ్బలు తొలకరికి మొలకెత్తితే వాటిని వెంటనే పీకివేయాలి; ఈ శిలీంధ్రం ఒక పంట నుండి మరో పంట దాకా బతికేది ముఖ్యంగా అలాంటి పచ్చని మొక్కల మీద.