సిటీలో తిరిగే పికప్‌కి ఏ టైర్లు? జేసీ రోడ్డులో చేదు అనుభవం, సకలేశపుర బురదలో పరీక్ష

బెంగళూరులో పికప్ నడిపే మన తెలుగువాళ్లకి ముందుగా ఒక మాట. మీ బండి ఎక్కువగా తారు రోడ్డు మీదే తిరిగేదైతే, మడ్ టైర్లు, అంటే బురద దారుల కోసం చేసిన టైర్లు, అంటగట్టే షాపులో ఎక్కువసేపు నిలబడకండి. టైర్లు, స్పేర్ పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మాది ఇసుజు వి-క్రాస్. వారమంతా మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్‌కి ఆఫీసు తిరుగుడు. నెలకోసారి కదిరి దగ్గర మామయ్యగారి తోటకి వెళ్తాం, అక్కడ చివర కొంత దూరం బండ్ల బాట. కంపెనీ టైర్ల ట్రెడ్ గాడిలో ఉండే గుర్తు దాకా అరిగిపోయింది. ఆ గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడికి వచ్చాక ఇక ఆలోచించడానికేం లేదు. అక్టోబరు చివర్లో పడమటి కనుమల్లోని సకలేశపుర వెళ్దామని ఇంట్లో ముందే అనుకున్నాం కాబట్టి, ఈ లోపే టైర్లు మార్చాలని బయల్దేరాం. మామయ్య ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. బావమరిదికి మాత్రం ఎలాగైనా మడ్ టైర్లే వేయించాలని పట్టుదల. ఇద్దరూ నా వెంట వచ్చారు.

జేసీ రోడ్డులో పార్కింగ్ దొరకడమే అరగంట. షాపతను బండి చూడగానే 265/65 ఆర్18 మడ్ టైరు దొర్లించుకుంటూ వచ్చి, "లుక్ అదిరిపోతుంది సార్" అన్నాడు. మా బండి సైజు 255/60 ఆర్18. అతను తెచ్చిన టైరు మా టైరు కంటే దాదాపు 38 మిల్లీమీటర్లు పెద్దది, అంటే అయిదు శాతం. మీటరు 100 చూపిస్తే బండి నిజానికి 105లో పోతుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డ్ లోపల రాసుకోవచ్చు. కంపెనీ చెప్పిన సైజు దాటితే రేపు ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టినా పెట్టొచ్చు. ఇవేవీ అతను చెప్పలేదు. అడిగితే, "వర్షాకాలం సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర నీళ్లు చూశారు కదా, ఇవే కావాలి" అన్నాడు.

ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. నీళ్లు నిలిచిన రోడ్డు వేరు, బురద రోడ్డు వేరు. నీళ్ల కింద ఉన్నది తారే. మడ్ టైరులో రబ్బరు దిమ్మలు పెద్దవి, వాటి మధ్య ఖాళీలు పెద్దవి. మెత్తటి బురదలో ఆ ఖాళీలే బురదని బయటికి విసిరేస్తాయి. తారు మీదకి వస్తే రోడ్డుని తాకే రబ్బరు తక్కువ కాబట్టి, తడిలో బ్రేకు వేస్తే బండి ఇంకొంచెం ముందుకి పోయి ఆగుతుంది. హోరు ఎక్కువ, అరుగుదల ఎక్కువ, మైలేజీ పడిపోతుంది. రోజూ తారే అయితే హైవే టైరు చాలు. తోట, ఘాట్, మట్టి బాట అప్పుడప్పుడూ ఉంటే తారుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్, అదే ఏటీ. ఇదే నా ఖచ్చితమైన అభిప్రాయం.

సరే, ఏటీ కావాలన్నాం. ఒక్కోటి 17,920 అన్నాడు. మర్నాడు బిగిస్తానని 2,000 అడ్వాన్స్ తీసుకున్నాడు. మర్నాడు మేం వెళ్లేసరికే రెండు టైర్లు రిమ్ములకి ఎక్కించి ఉన్నాయి. మామయ్య ఏమీ అనకుండా వంగి, ఫోన్ లైటు వేసి టైరు పక్కభాగం (సైడ్‌వాల్) అంతా వేలితో తడుముతూ పోయారు. తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు బయటివైపు లేవు. చాలా టైర్ల మీద ఆ అంకెలు ఒక పక్కనే ఉంటాయి, ఆ పక్కని లోపలికి తిప్పి ఎక్కించారు. చక్రం బోర్లా వేయించి చూస్తే 0823. అంటే 2023లో ఎనిమిదో వారం. బిగించకుండా పక్కన పెట్టిన రెండింటి మీద 3125 ఉంది.

"రెండున్నరేళ్ల సరుకు కొత్త ధరకిస్తావా నాయనా?" అని మామయ్య నెమ్మదిగానే అడిగారు. అతను మాత్రం గొంతు పెంచాడు. రబ్బరు రబ్బరేనట, గోడౌన్‌లో ఉన్నదానికి వయసు లెక్క లేదట. బిల్లు చూపించమంటే ఇంకో సంగతి బయటపడింది. అసలు ధర 14,000, దానిమీద 28 శాతం జీఎస్టీ వేశాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 18 శాతమే. ఆ లెక్కన 16,520 కావాలి. టైరుకి 1,400 చొప్పున నాలుగింటికి 5,600 అదనం! ఇది అడిగితే, బిల్లు వద్దనుకుంటే తగ్గిస్తానన్నాడు. మేం వద్దని లేచాం. అడ్వాన్స్‌లో 500 చేతిలో పెట్టి, మిగతాది ఎక్కించిన కూలి కింద పట్టుకున్నాడు. మామయ్య ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి డబ్బు కంటే ఆ అంకెల్ని లోపలికి తిప్పడమే ఎక్కువ కోపం తెప్పించింది.

తర్వాత మహదేవపుర వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన చిన్న షాపులో కొన్నాం. అతనిది మదనపల్లె వైపు. అడగకముందే నాలుగు టైర్ల మీద అంకెలు చూపించాడు. లోడ్ ఇండెక్స్ 112 ఉందో లేదో మామయ్య చూశారు, అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది. ఒక్కోటి 16,400 చొప్పున 65,600. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,200. పాత టైర్లకి 6,000 తగ్గించాడు. చేతి నుంచి పడింది 60,800, పక్కా బిల్లుతో. స్టెప్నీ పాతదే ఉంచుకున్నాం, సైజు ఒకటే కాబట్టి పంచరైతే షాపుదాకా వెళ్లడానికి చాలు.

నెలమంగల, కుణిగల్, హాసన్ మీదుగా సకలేశపుర దాకా ప్రయాణం హాయిగా సాగింది. ఎనభై దాటాక సన్నటి హోరు వినిపిస్తుంది, మా ఆవిడ దానికి నిద్ర కూడా లేవలేదు. మైలేజీ లీటరుకి 12 వచ్చేది 11.3కి తగ్గింది.

మా హోంస్టే కాఫీ తోటలో ఉంది. గేటు నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట, ముందురోజు రాత్రంతా వాన. గేటు దగ్గర జీపు డ్రైవరు మా బండి ఎక్కదని, తన జీపులో రానూపోనూ 1,800 అని పట్టుబట్టాడు. ఓనరుకి ఫోన్ చేస్తే, "ఫోర్ వీల్ ఉంటే గాలి తగ్గించుకుని రండి, ఏం టెన్షన్ లేదు" అన్నారు. టైర్లలో గాలి 24 పీఎస్ఐకి దించి, 4ఎల్‌లో, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే గేర్లో వేసి మెల్లగా ఎక్కించాను. ఒక మలుపులో మాత్రం ట్రెడ్ అంతా జిగట మట్టితో పూడిపోయి, టైరు పూర్ణం బూరెలా నున్నగా తయారైంది. బండి పక్కకి జారింది. కొంచెం వెనక్కి తీసి, రాళ్లున్న వైపు నుంచి ఎక్కాం. అక్కడ మడ్ టైరైతే తేలిగ్గా ఎక్కేదని బావమరిది అన్నాడు. నిజమే. కానీ అలాంటి మలుపు మాకు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, తడిసిన మారతహళ్లి బ్రిడ్జి రోజూ వస్తుంది.

హోంస్టే మనిషికి 2,400, మూడు పూటలా భోజనంతో. వేడి అక్కి రొట్టి (బియ్యప్పిండి రొట్టె), కాయి చట్నీ (కొబ్బరి పచ్చడి) ఎంత తిన్నా ఇంకా వడ్డించారు. గదుల్లో తడి వాసన ఉంది, పెద్దవాళ్లని తీసుకెళ్తే కింది గదే అడగండి. తిరిగి తారెక్కే ముందు గాలి మళ్లీ పూర్తిగా పట్టించుకోవాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించే చిన్న పంపు ఒకటి బండిలో పెట్టుకోండి, ఆ ఊళ్లలో పంచర్ షాపు వెంటనే దొరకదు.

ఇక జేసీ రోడ్డు షాపు సంగతి. అడ్వాన్స్ ఫోన్‌పేలో కట్టాను కాబట్టి రుజువు ఉంది. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. షాపతను మొన్న ఫోన్ చేసి సగం వెనక్కిస్తానన్నాడు. మొత్తం 1,500 ఇస్తే తప్ప ఫిర్యాదు వెనక్కి తీసుకోనని చెప్పాను.