జర్మనీలో చదువు: హాస్టలా, వేగేనా, మనవాళ్ల ఫ్లాటా? ఏది మేలు?

గది వెతికేటప్పుడు మనవాళ్లు ముందు అద్దె అడుగుతారు. దానితోపాటు వంటగది ఎంతమందిదో కూడా అడగండి. ఐదారుగురు వాడే వంటగదిలో కడగని గిన్నె ఎవరిదో అందరికీ తెలుస్తుంది. ఆ గొడవలోంచే మాటలు కలుస్తాయి, భాషా వస్తుంది. పదిహేనుమంది వాడే కారిడార్ కిచెన్‌లో ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు మాయమైనా అడిగే నాథుడుండడు.

స్టుడీరెండెన్‌వెర్క్ (విద్యార్థులకు హాస్టళ్లు, క్యాంటీన్లు నడిపే సంస్థ) హాస్టళ్లలో సాధారణంగా కరెంటు, హీటింగ్, ఇంటర్నెట్ అన్నీ అద్దెలోనే ఉంటాయి. మ్యూనిక్ లాంటి ఊళ్లలో వెయిటింగ్ లిస్టు సెమిస్టర్ల తరబడి సాగుతుంది కాబట్టి దరఖాస్తు ఆలస్యం చేయొద్దు. ఫారంలో గది రకం అడిగితే కారిడార్ గది కాకుండా వేగే (పంచుకునే ఫ్లాట్) తరహా గదికి టిక్ పెట్టండి. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు ఇంటికొకటి. అందరూ తిరిగే కారిడార్‌లోకి తలుపున్న గదిని విడి ఇల్లుగా లెక్కేస్తారు, మొత్తం మీరొక్కరే కట్టాలి. వేగే అయితే అందరూ పంచుకుంటారు. ఈ హాస్టళ్లు ఎన్‌రోల్ అయిన విద్యార్థులకే. పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు) వచ్చేవాళ్లు యూనివర్సిటీ గెస్ట్‌హౌస్ కోసం తమ ప్రొఫెసర్ ఆఫీసు ద్వారా అడగాలి.

వేగే అంటే నలుగురు కలిసి తీసుకున్న ఫ్లాట్. అక్కడ ఉన్నవాళ్లే మిమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తారు. ఒకే మెసేజ్ యాభైమందికి పంపితే జవాబు రాదు. ప్రకటన చదివినట్టు తెలిసేలా నాలుగు ముక్కలు జర్మన్‌లో రాయండి. ప్రకటనలో 'త్స్వెక్ వేగే' అని ఉంటే అద్దె పంచుకోవడం వరకే, కబుర్లు ఆశించొద్దు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె (హీటింగ్ వగైరా ఖర్చులు కలపని అద్దె) దాటకూడదు, మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. 'నేను విదేశంలో ఉన్నాను, డబ్బు వేయండి, తాళం పోస్టులో పంపుతా' అన్నవాడు దొంగే. అందరూ ప్రధాన అద్దెదారులుగా సంతకం పెడితే, ఒకడు ఎగ్గొట్టినా ఓనర్ మొత్తం అద్దె మిగతావాళ్ల దగ్గర వసూలు చేయొచ్చు. సబ్‌లెట్ అయితే ఓనర్ అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి.

వేగేలో అసలు పరీక్ష పోపు దగ్గర. చాలా ఇళ్లలో స్టవ్ మీది చిమ్నీ పొగను బయటికి పంపదు, ఫిల్టర్‌లోంచి లాగి మళ్లీ గదిలోకే వదులుతుంది. పైగా ఎలక్ట్రిక్ ప్లేటు, గ్యాస్‌లా ఆపగానే చల్లారదు, ఎండుమిర్చి మాడుతూనే ఉంటుంది. ఆవాలు చిటపటలాడగానే గిన్నెను పక్క ప్లేటు మీదికి జరిపి, అప్పుడు మిర్చి, ఇంగువ వేయండి. వంటగది తలుపు మూసి, కిటికీ బార్లా తీసి పది నిమిషాలు ఉంచండి. పొగ పోవాలని కారిడార్ తలుపు తీశారో, హాస్టల్లోనైతే ఫైర్ అలారం మోగొచ్చు. ఫ్లాట్‌లోనైతే హాల్లో తగిలించిన అందరి కోట్లూ రెండ్రోజులు ఇంగువ కంపే.

మనవాళ్ల ఫ్లాట్‌లో ఈ బాధలేవీ లేవు. దిగిన రోజే పప్పూ ఆవకాయా, అర్ధరాత్రి జ్వరమొస్తే అడిగే మనిషీ ఉంటారు, దాన్ని తీసిపారేయలేం. ఇబ్బంది రెండు చోట్ల. ముగ్గురి ఫ్లాట్‌లో ఆరుగురుంటే ఓనర్ అందరికీ నివాస ధ్రువపత్రం ఇవ్వడు. అది లేకుండా రెండు వారాల్లో చేయించాల్సిన అన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) కుదరదు, దాంతో వీసా పొడిగింపూ ఇరుక్కుంటుంది. రెండోది, ఏడాది గడిచినా మీ జర్మన్ భాష బేకరీలో అడిగే నాలుగు మాటలు దాటదు. పార్ట్‌టైమ్ ఉద్యోగం వెతికేటప్పుడు తెలుస్తుంది ఆ నష్టం.

మా ఓటు ఐదారుగురి వంటగది ఉన్న హాస్టల్‌కి. దొరక్కపోతే అన్‌మెల్డుంగ్‌కి నివాస ధ్రువపత్రం ఇస్తామని రాసిచ్చిన తాత్కాలిక గది మూడు నెలలకు తీసుకుని, అక్కడినుంచి వేగే ఇంటర్వ్యూలకు స్వయంగా వెళ్లండి. హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో గది దొరకడం అరుదు. మనవాళ్ల ఫ్లాట్ మొదటి నెలకు సరే, మీ పేరు కాంట్రాక్టులో ఉంటేనే ఆపైన.