విజయనగరం పాత ఇనప షెడ్డులో మేడ మీద రేకుల షెడ్డు చేయించాం, వివరాలు

గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపులు మన ఊళ్ళో వీధికొకటి ఉన్నాయి, కానీ ట్రస్సులు (పైకప్పుని మోసే ఇనప చట్రాలు), స్తంభాలు, పెద్ద షెడ్లు లెక్క ప్రకారం చేసే పాత చోటు అంటే నాకు తెలిసి రైల్వే స్టేషన్ వైపున్న ఈ షెడ్డే. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, ఆ చుట్టుపక్కల ఇనప షెడ్డు అని అడిగితే చాలు చూపించేస్తారు. పని మాత్రం ఫస్ట్ క్లాస్, లేటవుతుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

వెళ్తే ముందు తలెత్తి వాళ్ళ పైకప్పు చూడండి. పాత ట్రస్సుల్లో ఎక్కడా వెల్డింగ్ అతుకు కనపడదు, అన్నీ రివెట్లే, ప్లేట్ల మీద వరసగా గుండ్రటి బుడిపెలు, ఎన్ని పూతల రంగు పడిందో గానీ ఒక్కటీ కదల్లేదు. పెద్ద మేస్త్రీ గారు చెప్పారు, వాళ్ళ నాన్నగారి రోజుల్లో రివెట్‌ని కొలిమిలో ఎర్రగా కాల్చి పట్టకారుతో కన్నంలో పెడితే అవతల ఒకరు అదిమి పట్టుకునేవారట, ఇవతల ఇంకొకరు సుత్తితో తల కొట్టేవారట. చల్లారేటప్పుడు రివెట్ కుంచించుకుని రెండు ప్లేట్లనీ బిగించి పట్టేస్తుంది, దాని బలమంతా అక్కడే ఉంది.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ మొదలయ్యి ఈ వైపు కరెంటు బాగా వచ్చాకే ఆర్క్ వెల్డింగ్ సెట్టు కొన్నారట. అప్పట్లో యాంగిల్స్, చానల్స్ (L, C ఆకారంలో ఉండే ఇనప బద్దలు) భిలాయ్ నుంచి రాయపూర్ లైన్లో వేగన్లలో వచ్చేవి (ఆ లైను 1931 నుంచీ ఉంది), వేగన్ లేటయితే కూలీలకి పనుండేది కాదు. తర్వాత విశాఖ ఉక్కు వచ్చింది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం, మధ్యలో ఎంత కాలం గడిచిందో చూడండి. "ఇప్పుడు పొద్దున్న ఫోన్ చేస్తే సాయంత్రానికి లారీ దిగిపోతాది బాబూ, మా నాన్న ఇది చూడకుండానే ఎల్లిపోనాడు" అన్నారాయన. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇక మా పని. 2014 హుద్‌హుద్‌కి మా పాత షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, అది వేరే చోట చేయించింది, అంచుల దగ్గర హుక్కులు దూరదూరంగా వేసి వదిలేశారు. గాలి లోపల్నుంచి పైకి తోస్తుంది కదా, ముందు లేచేది అంచులే. వీళ్ళు ఆ సంగతి మేం చెప్పకముందే అడిగి అంచుల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా కొట్టారు, ప్రతి స్క్రూకీ రబ్బరు వాషర్ వేశారు, స్తంభం కింద ప్లేటు పెట్టి పిల్లర్‌లోకి బోల్టులు దించారు. అతుకు చుట్టూ పూర్తిగా వెల్డింగ్ లాగారు, నాలుగు చుక్కలు పెట్టి వదిలెయ్యలేదు, పైన స్లాగ్ (వెల్డింగ్ మీద గట్టిపడే పెంకు) కొట్టేసి బ్రష్ పట్టాకే రెడ్ ఆక్సైడ్, అంటే తుప్పు పట్టకుండా ముందు వేసే ఎర్ర ప్రైమర్, వేశారు. వెల్డింగ్ చుట్టూ మసి ఉండగానే రంగేస్తే ఏడాది తిరక్కుండా అక్కడే తుప్పు పడుతుంది, మనకి సముద్రం దగ్గర కాబట్టి ఇంకా తొందరగా.

నాకు బాగా నచ్చింది తూకం. గోడకి నల్లబల్ల మీద సైజు, మీటరు బరువు సుద్దతో రాసుంటాయి, 50×50×6 యాంగిల్ మీటరుకి 4.5 కిలోలు, అంటే 6 మీటర్ల ముక్క 27 కిలోలు తూగాలి. మన ఎదురుగానే కాటా వేస్తారు, బాగా తక్కువొస్తే సరుకు వెనక్కి పంపించేస్తారు. బయట చాలామంది 16 గేజ్ (గేజ్ అంటే పైపు గోడ మందం కొలత) అని చెప్పి పల్చటి పైపు అంటగట్టేస్తున్నారు, గేజ్ కంటితో చూస్తే తెలీదు, తూకంలోనే దొరుకుతుంది.

లేటు సంగతి. వానాకాలం ముందు, సంక్రాంతి ముందు అస్సలు పెట్టుకోకండి, ఒప్పుకున్న తేదీకి పని అవ్వదు, ఫోన్ ఎత్తరు, మనమే వెళ్ళి నిలబడాలి. ఒకప్పుడు చుట్టూ ఖాళీ అట, ఇప్పుడు అన్నీ ఇళ్ళే, అందుకని సాయంత్రం గ్రైండర్ ఆపేస్తున్నారు, పని ఇంకాస్త నెమ్మదైంది. దీన్ని ఊరి బయటకి పంపెయ్యాలనే మాటలు కూడా వింటున్నాను, నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది, ఇళ్ళు వచ్చింది తర్వాత కదా.

రేటు కిలో లెక్కన చెప్తారు, కూలి, ప్రైమర్ అందులోనే, క్రేన్ కావాలంటే వేరే. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు సైజులు, గేజ్ చీటీ మీద రాయించుకోండి, అడిగితే రాసిచ్చీస్తారు.