టెనెరీఫ్‌లో ఉండగా వచ్చిన హెచ్చరిక

2020 జూలై 24, శుక్రవారం. ఇంగ్లండ్‌లోని రీడింగ్ నుంచి మేం నలుగురం స్పెయిన్‌కి చెందిన టెనెరీఫ్ దీవికి బయల్దేరాం. అప్పటికి బ్రిటన్ విదేశాంగ శాఖ స్పెయిన్ మీద కోవిడ్ ప్రయాణ హెచ్చరిక ఎత్తేసి మూడు వారాలు. మర్నాడు రాత్రికే అంతా తారుమారు. స్పెయిన్ నుంచి ఎవరొచ్చినా 14 రోజులు ఇల్లు కదలకూడదన్నారు. 'తప్పనిసరైతేనే వెళ్లండి' అన్న హెచ్చరిక మాత్రం మొదట ప్రధాన భూభాగానికే పెట్టారు. దీవులకు 27న, సోమవారం వర్తించింది.

మా ఆవిడకు ఒకటే టెన్షన్: పిల్లలకు జ్వరమొస్తే ఇన్సూరెన్స్ ఉన్నట్టా, లేనట్టా? ఫోన్ చేస్తే 40 నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి సూటిగానే చెప్పారు. బయల్దేరిన రోజుకి హెచ్చరిక లేదు కాబట్టి తిరిగొచ్చేదాకా పాలసీ చెల్లుతుందట. క్వారంటైన్‌లో పోయే జీతానికి మాత్రం పైసా రాదు. యూరప్ హెల్త్ కార్డు కూడా పట్టుకెళ్లాం. అప్పట్లో దాంతో ప్రభుత్వాసుపత్రిలో వైద్యం దొరికేది గానీ, రోగిని ఇంటికి చేర్చే ఖర్చు వచ్చేది కాదు.

లాస్ క్రిస్టియానోస్ అనే ఊళ్లో వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకోవడం మంచిదైంది. రైస్ కుక్కర్, ఆవకాయ వెంటే ఉన్నాయి. అక్కడి ఉప్పునీళ్లలో ఉడికించిన ముడతల బంగాళాదుంపలు, ఎర్ర మోహో పచ్చడి మన వెల్లుల్లి కారానికి దూరపు చుట్టాలు. లిఫ్ట్ రెండుసార్లు ఆగింది, వైఫై నామమాత్రం. 3,700 మీటర్లు దాటిన టేడే అగ్నిపర్వతం చుట్టూ కారులో తిరిగిన రోజు మాత్రం హెచ్చరికల సంగతే గుర్తు రాలేదు. బీచ్ కోసమే అయితే అంత దూరం వెళ్లక్కర్లేదు, చాలా చోట్ల నల్ల ఇసుక కాళ్లు కాలుస్తుంది.

అసలు దెబ్బ తిన్నది మా వీధి మిత్రుడు. ఆగస్టు 1న టెనెరీఫ్‌కి బయల్దేరాల్సినవాడు. విమానం, హోటల్ విడివిడిగా బుక్ చేశాడు. విమానం ఎగురుతూనే ఉంది, అందుకని డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు. జూన్‌లో కొన్న పాలసీలో కోవిడ్ వల్ల మానుకుంటే చెల్లదని రాసే ఉంది. పోనీ వెళ్దామంటే, హెచ్చరిక కాదని వెళ్తే వైద్యం ఖర్చుకీ పాలసీ పనిచేయదు. అదే వారం ప్యాకేజీ తీసుకున్న మా ఆఫీసాయనకు టూర్ కంపెనీయే రద్దు చేసి మొత్తం వెనక్కిచ్చింది. ప్యాకేజీలంటే నాకు చిన్నచూపు ఉండేది. ఇప్పుడు లేదు.

31న ఇల్లు చేరి 14 రోజులు గడప దాటలేదు. కూరగాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లింది టిక్కెట్ల డబ్బు పోగొట్టుకున్న ఆ మిత్రుడే.