కుక్క కళ్లు కడగడానికి నార్మల్ సెలైన్: ఎంతవరకు నమ్మొచ్చు?

పెట్ షాపుల్లో ఐ వాష్ పేరుతో చాలా సీసాలున్నాయి. దుమ్ము పడ్డ కంటిని కడగడం వరకే అయితే మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్ చాలు. 100 మి.లీ. సీసా కన్నా 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంప్యూల్స్ మేలు. సెలైన్‌లో పాడవకుండా ఆపే రసాయనమేదీ కలపరు కాబట్టి సీసా తెరిచిన 24 గంటల్లో పారబోయాలి. వారం పాటు ఫ్రిజ్‌లో దాచిన సీసాతో కడిగితే కంట్లోకి సూక్ష్మక్రిములను పంపినట్టే. ఆంప్యూల్‌తో ఆ బెడద లేదు, ఒకసారి వాడి పడేయొచ్చు.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. డీఎన్ఎస్ అనే మరో రకం సెలైన్‌లో చక్కెర ఉంటుంది. 3 శాతం సెలైన్ మండిస్తుంది. ఉప్పు లేని స్టెరైల్ వాటర్ ఆంప్యూల్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, దాంతో పొరబడొద్దు.

ద్రవం గది వేడికి వచ్చాక 5 మి.లీ. సిరంజిలోకి తీసుకుని, సూదిని పూర్తిగా పీకి పక్కన పెట్టండి. ఇది మరిచిపోకూడని మెట్టు. కుక్కను మీకు వీపు చేసి కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, కింది రెప్పను వేలితో లాగి, పక్క నుంచి మెల్లగా వదలండి. ఎదురుగా చిమ్మితే తల విదిలిస్తుంది, సిరంజి కొన గుడ్డుకు తగులుతుంది. ఎండిన పుసిని గీకకూడదు, తడిపిన గాజ్ గుడ్డను (గాయాలకు కట్టే పలుచటి గుడ్డ) ఒక నిమిషం ఆనించి ఉంచితే అదే ఊడుతుంది. దూది వద్దు, పోగులు రెప్ప కింద ఇరుక్కుంటాయి.

దుమ్ము, షాంపూ, హోలీ రంగుకు ఇది బాగా పనిచేస్తుంది. సున్నం, ఫినాయిల్, జిల్లేడు పాలు పడితే మాత్రం 10 మి.లీ. ఏ మూలకూ రాదు. వెంటనే కుళాయి నీళ్లతోనైనా 15 నుంచి 20 నిమిషాలు ఆపకుండా కడిగి, ఆపైన నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అసలు ప్రమాదం సెలైన్‌లో లేదు, "రోజూ కడుగుతున్నాంగా" అనే ధీమాలో ఉంది. నల్లగుడ్డు మీద పుండు పడితే ఎన్నిసార్లు కడిగినా మానదు. పగ్, షిజూ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఆ పుండు ఒకటి రెండు రోజుల్లోనే లోతుకు దిగొచ్చు. కన్ను సగం మూసి ఉంచడం, పంజాతో రుద్దుకోవడం, గుడ్డు మీద నీలంగానో తెల్లగానో మసక, రెండు కనుపాపలు వేర్వేరు సైజుల్లో ఉండటం, పచ్చటి చీము, రక్తం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే చూపించాలి. గుడ్డు బయటికి పొడుచుకొస్తే సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డ కప్పి, వెనక్కి నొక్కకుండా, ఆ నిమిషమే బయలుదేరండి. ఇవేవీ లేకుండా ఉత్త ఎరుపు, నీరు కారడమే అయినా 24 గంటల్లో తగ్గకపోతే ఆగొద్దు.

జిగురుగా, తీగలు సాగే పుసి రోజూ వస్తుంటే కన్నీరు తగ్గిందేమో చూడాలి. డాక్టరు రెప్ప కింద కాగితం ముక్క పెట్టి కొలుస్తారు. నిమిషంలో 15 మి.మీ. తడిస్తే మామూలే, 10కి లోపు అయితే వేరే చుక్కలు కావాలి.

పాత డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్) చుక్కలు ఇంట్లో ఉంటే ముట్టుకోకండి. పుండున్న కంట్లో స్టెరాయిడ్ పడితే నల్లగుడ్డు కరిగి చిల్లు పడొచ్చు. ఫ్లోరసీన్ రంగు వేసి పుండు లేదని తేల్చాకే ఆ మందు రాస్తారు.